బలవంతపు రాజీనామాలు: హక్కు ఉన్నా దారి దుర్గమం

పుదుచ్చేరి: ప్రధానోపాధ్యాయుని గదిలో పది నిమిషాల్లో రాసి ఇచ్చిన రాజీనామా పత్రం ఒత్తిడి ఫలితమని రుజువు చేయడానికి ఒక ఉపాధ్యాయునికి పదేళ్లు పట్టవచ్చు. చట్టం ఆయన పక్షాన లేదని కాదు. స్వేచ్ఛగా ఇవ్వని రాజీనామా చెల్లదన్నది మన న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేసిన సూత్రమే. అయితే ఆ సూత్రాన్ని ఆశ్రయించడానికి ఏ న్యాయస్థానం తలుపు తట్టాలి, ఎంత గడువులోగా తట్టాలి, మూసిన గదిలో జరిగినదానిని ఎలా నిరూపించాలి అన్న మూడు ప్రశ్నల వద్దనే ఇటువంటి వ్యాజ్యాలు చిక్కుబడిపోతున్నాయి.

ఈ చిక్కు ఎంత జటిలమైనదో తెలుసుకోవడానికి పుదుచ్చేరి పట్టణమే మంచి ఉదాహరణ. 1954 నవంబరు 1న భారత పాలన కిందికి వచ్చి, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనమైన ఈ పూర్వపు ఫ్రెంచి స్థావరంలో ప్రభుత్వ పాఠశాలలు, ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలు, ఏ సహాయమూ పొందని ప్రైవేటు పాఠశాలలు పక్కపక్కనే పనిచేస్తున్నాయి. ఈ మూడు రకాల పాఠశాలల్లో ముగ్గురు ఉపాధ్యాయులు ఒకే రోజున, ఒకే విధమైన ఒత్తిడికి లోనై రాజీనామా చేశారనుకుందాం. న్యాయం కోసం ముగ్గురూ మూడు వేర్వేరు దారులు పట్టవలసి ఉంటుంది. ఒకరికి దొరికే రక్షణ మరొకరికి దొరుకుతుందన్న హామీ లేదు.

సూత్రం స్పష్టమే

రాజీనామా అంటే ఉద్యోగాన్ని వదులుకోవాలన్న ఉద్దేశంతో ఉద్యోగి తనంతట తాను చేసే చర్య. ఆ ఉద్దేశం లేనప్పుడు మిగిలేది సంతకం మాత్రమే. అలహాబాదులోని ఒక ఆసుపత్రిలో పనిచేసిన మత్తు వైద్యురాలి కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో తరచు ప్రస్తావనకు వస్తుంది. సస్పెన్షన్ ఉత్తర్వు అందుకున్న ఆమె, తన వివరణను అంగీకరించని పక్షంలో రాజీనామా తప్ప తనకు గత్యంతరం లేదన్న భావంతో లేఖ రాశారు. యాజమాన్యం దానినే రాజీనామాగా భావించి వెంటనే అంగీకరించింది. లేఖలోని ఒక్క వాక్యాన్ని విడదీసి చదవరాదని, అది రాసిన సందర్భాన్ని, మొత్తం లేఖ సారాంశాన్ని పరిగణనలోకి తీసుకోవాలని, ఆవేదనతో రాసిన ఆ లేఖ రాజీనామా కాజాలదని సుప్రీం కోర్టు తేల్చింది.

2022 ఫిబ్రవరి 10న జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌లతో కూడిన ధర్మాసనం మరింత ముందుకు వెళ్లింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక మహిళా అదనపు జిల్లా న్యాయమూర్తిని 2014 జూలైలో, విద్యా సంవత్సరం మధ్యలో, గ్వాలియర్ నుంచి సీధీకి బదిలీ చేశారు. అప్పుడు ఆమె కుమార్తె పన్నెండవ తరగతి చదువుతోంది. బదిలీని నిలిపివేయవలసిందిగా ఆమె చేసుకున్న విజ్ఞప్తులు తిరస్కృతమయ్యాయి. జూలై 15న ఆమె రాజీనామా చేశారు. రెండు రోజులకే అది ఆమోదం పొందింది. ఆమె చేత ఎవరూ చేయి పట్టి రాయించలేదు. అయినప్పటికీ తల్లిగా తన బాధ్యతకు, వృత్తికి మధ్య నలిగిపోయిన అసహాయ స్థితిలో చేసిన ఆ రాజీనామాను స్వచ్ఛందమైనదిగా పరిగణించజాలమని ధర్మాసనం అభిప్రాయపడింది. ఆమెను తిరిగి విధుల్లోకి తీసుకోవాలని, సర్వీసు కొనసాగింపు కల్పించాలని ఆదేశించింది. వేతన బకాయిలు మాత్రం ఇవ్వలేదు. ఒక న్యాయాధికారికే న్యాయం దక్కడానికి ఏడున్నరేళ్లు పట్టడం గమనార్హం.

బెదిరింపు వేరు, ప్రభావం వేరు

ఒత్తిడి అన్న మాటను వ్యవహారంలో తేలికగా వాడతాము కాని చట్టంలో దానికి రెండు రూపాలున్నాయి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ ప్రకారం శిక్షాస్మృతి నిషేధించిన పనిని చేయడం, చేస్తామని బెదిరించడం, ఆస్తిని అక్రమంగా అట్టిపెట్టుకోవడం లేదా అట్టిపెట్టుకుంటామని బెదిరించడం నిర్బంధం కిందికి వస్తాయి. ఈ నిర్వచనంలో ఉపాధ్యాయునికి ఒక అవరోధమూ ఉంది, ఒక అవకాశమూ ఉంది. ‘రాజీనామా ఇవ్వకపోతే శాఖాపరమైన విచారణ జరుపుతాము’ అని యాజమాన్యం అంటే, అది తనకు చట్టరీత్యా ఉన్న అధికారాన్ని గుర్తు చేయడమే అవుతుంది గనుక, ఆ ఒక్క మాటే నిర్బంధం అనిపించుకోదు. కాని చేరేటప్పుడు తీసుకున్న అసలు సర్టిఫికెట్లను బీరువాలో పెట్టుకుని ‘సంతకం చేస్తేనే ఇస్తాము’ అనడం వేరు. పరుల ఆస్తిని అక్రమంగా అట్టిపెట్టుకోవడం కింద దానిని ప్రశ్నించడానికి ఆస్కారముంది.

రెండవ రూపం 16వ సెక్షన్‌లోని అనుచిత ప్రభావం. ఇద్దరిలో ఒకరు రెండవవారి మనసును శాసించగల స్థితిలో ఉండి, ఆ స్థితిని వాడుకుని అన్యాయమైన ప్రయోజనం పొందితే ఆ సమ్మతి స్వేచ్ఛా సమ్మతి కాదు. వ్యవహారం పైకే అన్యాయంగా కనిపిస్తున్నపుడు, అటువంటి ప్రభావం లేదని నిరూపించే భారం శాసించగల స్థితిలో ఉన్నవారిపైనే పడుతుంది. జీతం, సెలవులు, అనుభవ ధ్రువపత్రం అన్నీ యాజమాన్యం చేతిలో ఉండే ప్రైవేటు పాఠశాలలో శాసించగల స్థితి ఎవరిదో వేరుగా చెప్పనవసరం లేదు. అయినా బాధితుల ఫిర్యాదులు తరచు ‘బెదిరించి రాయించుకున్నారు’ అన్న మాట దగ్గరే ఆగిపోయి, ఇంతకంటె బలమైన ఈ రెండవ ఆధారాన్ని విస్మరిస్తున్నాయి.

కాలిఫోర్నియా పాఠం

ఈ తేడాను విడమరచి చెప్పిన ప్రసిద్ధమైన తీర్పు కూడా ఒక ఉపాధ్యాయునిదే కావడం విశేషం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో బ్లూమ్‌ఫీల్డ్ పాఠశాలల బోర్డు కింద పనిచేసే ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని 1964 జూన్‌లో పోలీసులు ఒక ఆరోపణపై అరెస్టు చేసి, ప్రశ్నించి, జామీనుపై విడిచిపెట్టారు. సుమారు 40 గంటలుగా నిద్ర లేని స్థితిలో ఉన్న ఆయన ఇంటికి పాఠశాలల సూపరింటెండెంటు, ప్రధానోపాధ్యాయుడు కలిసి వచ్చారు. తాము ఆయన మేలు కోరే వచ్చామన్నారు. వెంటనే రాజీనామా చేయకపోతే సస్పెండ్ చేసి, తొలగించి, ఆ సంగతి బహిరంగపరుస్తామని, న్యాయవాదిని సంప్రదించే వ్యవధి లేదని చెప్పారు. ఆయన సంతకం చేశారు. అటు తరువాత ఆరోపణలు కొట్టివేతకు గురయ్యాయి. ఉద్యోగం తిరిగి ఇవ్వడానికి మాత్రం బోర్డు నిరాకరించింది.

1966లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు బెదిరింపు జరిగిందన్న వాదనను అంగీకరించలేదు. చట్టబద్ధమైన చర్య తీసుకుంటామని చెప్పడం బెదిరింపు కాదన్నది. అనుచిత ప్రభావం ఆరోపణపై మాత్రం ఆయన దావా కొనసాగవచ్చునని తీర్పు చెప్పింది. అటువంటి ప్రభావాన్ని గుర్తించడానికి ఏడు లక్షణాలను పేర్కొంది. అవి: అసాధారణ సమయంలో చర్చ జరపడం, అసాధారణ స్థలంలో వ్యవహారం ముగించడం, ఇప్పుడే తేల్చాలని పట్టుబట్టడం, ఆలస్యమైతే అనర్థమని భయపెట్టడం, ఒకరిపైకి పలువురు చేరి నచ్చజెప్పడం, బాధితుని పక్షాన సలహాదారు లేకపోవడం, సలహా తీసుకునే సమయం లేదని చెప్పడం. ఆ తీర్పు మన న్యాయస్థానాలకు శిరోధార్యం కాదు. అయినా మన పాఠశాలల్లో రాజీనామాలు పుట్టే గదులను చూసినవారికి ఈ జాబితాలో అపరిచితమైనది ఒక్కటీ కనిపించదు.

ఏ తలుపు తట్టాలి?

సూత్రం ఇంత స్పష్టంగా ఉన్నప్పటికీ దానిని ఆశ్రయించే చోటు విషయంలో గందరగోళం తప్పడం లేదు. పుదుచ్చేరిలోని మన ముగ్గురు ఉపాధ్యాయుల సంగతే చూద్దాం. కేంద్రపాలిత ప్రాంతం కావడం వల్ల ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ మద్రాసు బెంచికి వెళ్లాలి. అందుకు సాధారణంగా ఏడాది గడువు. సహాయం పొందే పాఠశాల ఉపాధ్యాయుడు 1987 నాటి పుదుచ్చేరి పాఠశాల విద్యా చట్టాన్ని, 1996 నాటి నిబంధనలను ఆధారం చేసుకుని విద్యాశాఖను, ఆపై మద్రాసు హైకోర్టును ఆశ్రయించే వీలుంది. సహాయం లేని ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయునికి మాత్రం నేల గట్టిగా లేదు.

కార్మిక న్యాయస్థానానికి వెళ్దామంటే, ఉపాధ్యాయులు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘కార్మికులు’ కారని గోవాకు చెందిన ఒక ఉపాధ్యాయిని కేసులో సుప్రీం కోర్టు 1988లోనే తీర్పు చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోని నిర్వచనం కూడా బోధనను పేరు పెట్టి చేర్చలేదు. హైకోర్టులో రిట్ వేద్దామంటే, అక్కడ రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. కోల్‌కతాలోని ఒక బాలికల పాఠశాల ఉపాధ్యాయిని కేసులో 2019లో రిట్‌ను అనుమతించిన సుప్రీం కోర్టు, మధ్యప్రదేశ్‌లోని ఒక మైనారిటీ పాఠశాల ఉద్యోగి కేసులో 2022 ఆగస్టు 24న అందుకు నిరాకరించింది. ప్రైవేటు యాజమాన్యానికి, ఉద్యోగికి మధ్య మామూలు సర్వీసు వివాదంలో ప్రజా చట్టానికి సంబంధించిన అంశం లేనప్పుడు రిట్ చెల్లదన్నది రెండవ తీర్పు సారాంశం. మొదటి కేసులో ఉద్యోగిని తొలగించడానికి ప్రభుత్వాధికారుల ఆమోదం అవసరమని, ఈ కేసులో అటువంటి నియమం లేదని ధర్మాసనం తేడా చూపింది. అంటే ప్రభుత్వ ఆమోదం కావాలన్న ఒక్క నిబంధన ఉద్యోగికి రక్షణ మాత్రమే కాదు, హైకోర్టు తలుపు తెరిచే తాళంచెవి కూడా.

ఇక మిగిలింది సివిల్ దావా. మూడేళ్ల గడువు ఉంటుంది గాని, దావా తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పగలవారు లేరు. కోయంబత్తూరులోని పి.ఎస్.జి. సాంకేతిక కళాశాల కేసు ఇందుకు నిదర్శనం. ఆ ప్రాంతపు తెలుగు నాయుడు కుటుంబీకుల దాతృత్వంతో వెలసిన పి.ఎస్.జి. సంస్థల్లో ఒకటైన ఆ కళాశాల అధ్యాపకుని రాజీనామా స్వచ్ఛందమా కాదా అన్న వివాదం తమిళనాడు ప్రైవేటు కళాశాలల క్రమబద్ధీకరణ చట్టం కింద మొదలై 1981లో సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1995లో రెండవసారి అక్కడికి చేరినప్పుడు, ఆ చట్టం కింది నిబంధనల్లో ‘కళాశాల’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో సాంకేతిక కళాశాలలు లేవు గనుక ఆ రక్షణ వర్తించదని తేలింది. రాజీనామా ఏ పరిస్థితుల్లో ఇచ్చారన్న ప్రశ్నతో మొదలైన వ్యాజ్యం పధ్నాలుగేళ్ల తరువాత ఒక పదానికి అర్థం ఏమిటన్న ప్రశ్నతో ముగిసింది.

తెలుగువారు అధికంగా నివసించే యానాం ఉపాధ్యాయుల ఇబ్బంది మరొక మెట్టు పైది. కాకినాడకు కూతవేటు దూరంలో గోదావరి తీరాన ఉన్నప్పటికీ యానాం పుదుచ్చేరిలో భాగం గనుక, అక్కడివారు హైకోర్టు కోసం అమరావతికి కాక చెన్నైకి వెళ్లాలి. విద్యాశాఖ కేంద్ర కార్యాలయం ఉన్న పుదుచ్చేరి పట్టణం 800 కిలోమీటర్లకు పైగా దూరం. జీతం ఆగిపోయిన మనిషికి రైలు చార్జీ కూడా వ్యాజ్యంలో ఒక భాగమే.

కాలంతో పందెం

రాజీనామా ఇచ్చినవారు మనసు మార్చుకుంటే దానిని ఉపసంహరించుకోవచ్చునా? అమల్లోకి రాకముందు ఉపసంహరించుకోవచ్చునని అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి ఒకరి కేసులో 1978లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. కొంకణ్ రైల్వే ఉద్యోగి కేసులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ పంకజ్ మిత్తల్‌ల ధర్మాసనం 2024 సెప్టెంబరులో ఈ సూత్రాన్నే అనుసరించింది. రాజీనామాను అంగీకరించినట్లు కార్యాలయంలో అంతర్గతంగా రాసుకున్న కాగితం సరిపోదని, అది ఉద్యోగికి తెలియాలని చెప్పి, ఆయనను తిరిగి తీసుకోవాలని, మధ్యకాలానికి సగం వేతనం ఇవ్వాలని ఆదేశించింది. కాని 2003 నాటి మరొక తీర్పులో, అంగీకరించిన వెంటనే రాజీనామా అమల్లోకి వస్తుందని, ఆ సమాచారం అందకపోయినా ఫలితం మారదని సుప్రీం కోర్టు అభిప్రాయపడింది. ఆయా సంస్థల నియమాలను బట్టి ఫలితం మారుతోందన్నమాట.

అందువల్లనే ఒత్తిడి చేసి రాయించుకునే యాజమాన్యం అదే పూట అంగీకార పత్రం కూడా సిద్ధం చేసుకుంటుంది. ఉపాధ్యాయుడు ఇంటికి చేరి, భార్యాబిడ్డలతో మాట్లాడి, మరునాడు ఉపసంహరణ లేఖ రాసేసరికి కథ ముగిసిపోయి ఉంటుంది. ప్రభుత్వోద్యోగికి నష్టం మరింత పెద్దది. కేంద్ర సివిల్ సర్వీసుల పెన్షన్ నిబంధనల ప్రకారం రాజీనామాతో అంతవరకు చేసిన సర్వీసు జప్తవుతుంది. కొన్ని షరతులకు లోబడి, 90 రోజులకు మించని వ్యవధిలో తిరిగి చేరే అవకాశం ఉన్నా, అది అధికారుల విచక్షణకు లోబడినదే.

ఇటువంటి వ్యాజ్యాల్లో తేదీలే సాక్షులు. అదే రోజున లేదా మరునాడే రిజిస్టర్డు తపాలాలో పంపిన ఉపసంహరణ లేఖ, విద్యాశాఖకు ఇచ్చిన ఫిర్యాదు ప్రతి, ఆ రోజు ఫోనుకు వచ్చిన సందేశాలు న్యాయస్థానంలో చాలా బరువు తూగుతాయి. ఆరు నెలల తరువాత గుర్తుకు వచ్చిన ఒత్తిడిని న్యాయమూర్తులు అనుమానంతో చూడడం సహజం.

యాజమాన్యాల వాదన

ఈ విషయంలో యాజమాన్యాల వాదనను పూర్తిగా కొట్టివేయడానికి వీలు లేదు. మెరుగైన ఉద్యోగం కోసం విద్యా సంవత్సరం మధ్యలో వెళ్లిపోయి, అది దక్కకపోతే వెనుకకు వచ్చి ‘బలవంతంగా రాయించుకున్నారు’ అనేవారు లేకపోలేదు. తీవ్రమైన ఆరోపణ వచ్చినపుడు విచారణ, తొలగింపు అన్న మచ్చ పడకుండా గౌరవంగా వెళ్లిపోయే అవకాశం ఇవ్వడం కొన్ని సందర్భాల్లో ఉద్యోగికి మేలు చేయడమే. విద్యార్థుల భద్రతకు సంబంధించిన ఆరోపణల్లో ఆలస్యం తగదన్న మాట కూడా సబబే. అయితే అటువంటి ఆరోపణకు సరైన మందు విచారణే. రాజీనామాతో ఆ వ్యక్తిని నిశ్శబ్దంగా పంపివేస్తే దోషి మరొక పాఠశాలలో చేరతాడు. నిర్దోషి అయితే మచ్చతోనే మిగిలిపోతాడు.

మరొక వాస్తవాన్ని కూడా గమనించాలి. కరోనా కాలంలో పాఠశాలలు మూతబడినపుడు ప్రైవేటు ఉపాధ్యాయుల బతుకు ఎంత బలహీనమైన పునాదిపై నిలిచి ఉందో దేశం చూసింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చింది. చేతిలో నెల రోజుల జీతం కూడా నిలవ లేనివారి ‘సమ్మతి’కి ఎంత విలువ ఇవ్వాలో చట్టం ఆలోచించక తప్పదు.

ముప్ఫయి రోజుల మందు

పరిష్కారం కోసం ఎక్కడికో వెళ్లనవసరం లేదు. 1973 నాటి ఢిల్లీ పాఠశాల విద్యా చట్టం కింది నిబంధనల్లో 114-ఎ అన్న నియమం ఉంది. గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాల ఉద్యోగి రాజీనామాను, అది అందిన 30 రోజుల్లోగా, విద్యాశాఖ డైరెక్టరు ఆమోదంతో మేనేజింగ్ కమిటీ అంగీకరించాలన్నది దాని సారాంశం. పది నిమిషాల్లో రాయించుకున్న కాగితం ఈ నియమం కింద అదే పూట ఉద్యోగాన్ని ముగించలేదు. మధ్యలో ఒక మూడవ వ్యక్తి ప్రవేశిస్తాడు. పైన చెప్పుకొన్నట్లు, ప్రభుత్వ ఆమోదం అవసరమైనచోట హైకోర్టుకు వెళ్లే దారి కూడా సుగమమవుతుంది. 30 రోజుల్లో డైరెక్టరు ఏ సంగతీ చెప్పకపోతే ఆమోదించినట్లే భావించాలన్న వెసులుబాటు ఈ నియమంలోని లోపం. ఆ అధికారి ఉపాధ్యాయుని పిలిపించి, యాజమాన్యం ప్రతినిధులు లేని చోట ‘ఇది మీరు ఇష్టపడి ఇచ్చినదేనా’ అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు నమోదు చేసే ఏర్పాటు ఉంటే ఆ లోపమూ తీరుతుంది.

రెండవ సంస్కరణను సుప్రీం కోర్టే సూచించింది. టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 2002 అక్టోబరు 31న పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, సహాయం లేని సంస్థల సిబ్బంది వివాదాల పరిష్కారానికి జిల్లాకొక విద్యా ట్రిబ్యునల్ ఉండాలని, అది ఏర్పడేవరకు జిల్లా న్యాయమూర్తి అప్పీళ్లను వినవచ్చునని పేర్కొంది. 2010 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించిన విద్యా ట్రిబ్యునళ్ల బిల్లు ఉన్నత విద్యకే పరిమితం కాగా, అది కూడా రాజ్యసభలో నిలిచిపోయి చట్టం కాలేదు.

పుదుచ్చేరి వంటి చిన్న కేంద్రపాలిత ప్రాంతానికి ఈ రెండు పనులూ భారం కావు. యానాంలో, కారైకాల్‌లో, మాహేలో ఉన్న ఉపాధ్యాయులు చెన్నై రైలెక్కకుండా తమ ఊళ్లోనే అప్పీలు చేసుకోగలిగితే, ఒత్తిడి చేసే యాజమాన్యానికి కూడా ఆ సంగతి తెలిసి ఉంటుంది. బాధితునికి గెలుపు ఇవ్వడం కంటె, ఆ గదిలో కాగితం ముందుకు తోసే చేతిని ఒక్క క్షణం ఆపడమే ఇటువంటి నియమాల అసలు ప్రయోజనం. అంతవరకు పుదుచ్చేరిలోని ఆ ముగ్గురు ఉపాధ్యాయుల్లో ఎవరికి న్యాయం దక్కుతుందన్నది వారు అనుభవించిన ఒత్తిడిని బట్టి కాక, వారు పనిచేసిన పాఠశాల ఏ కోవకు చెందినదన్న దానిని బట్టే నిర్ణయమవుతుంది.